మోకిలలో మా కొత్త పూల్: బోరు నీళ్లు తేటపడేదాకా నా అనుభవం

ఫిబ్రవరి చివరి వారంలో పూల్ నింపాం. పిల్లలు అందులో దిగింది మే మొదటి వారంలో. ఈ మధ్యకాలంలో ఏం జరిగిందో, ఎంత ఖర్చయిందో రాస్తున్నాను. పూల్ కట్టించే ముందు టైల్స్ గురించి, లైట్ల గురించి, వాటర్‌ప్రూఫింగ్ గురించి తెలిసినవాళ్లందరినీ అడిగాను. అందరూ గంటలకొద్దీ చెప్పారు. నీళ్ల గురించి మాత్రం ఒక్కరూ నోరు విప్పలేదు.

మాది హైదరాబాద్ పక్కన శంకర్‌పల్లి రోడ్డులో మోకిల దగ్గర ఇల్లు. పూల్ పెద్దదేం కాదు. 28 అడుగుల పొడవు, 14 అడుగుల వెడల్పు, లోతు ఒక చివర మూడున్నర, ఇంకో చివర నాలుగున్నర అడుగులు. లెక్కేస్తే 44 వేల లీటర్లు. నీలం మొజాయిక్ టైల్స్, వాటి మధ్య వైట్ సిమెంట్ గ్రౌట్, 24 అంగుళాల శాండ్ ఫిల్టర్, ఒక హెచ్‌పీ పంపు. మూలన చిన్న వాటర్‌ఫాల్ మా ఆవిడ పట్టుబట్టి పెట్టించింది. దానికి అదనంగా అడిగినప్పుడు కాస్త గునిశాను గానీ, తర్వాత మమ్మల్ని ఒడ్డున పడేసింది అదే. కాంట్రాక్టర్ అగ్రిమెంట్‌లో “లీకేజీ టెస్ట్ చేసి, నీళ్లు నింపి అప్పగించాలి” అని ఉంది. దాని కింద నేనొక లైన్ రాయించాను: గట్టు మీద నిలబడితే లోతు వైపు అడుగున ఉన్న మెయిన్ డ్రెయిన్ జాలీ, దాని స్క్రూలు కనబడాలి, అప్పటిదాకా చివరి పది శాతం డబ్బు ఇవ్వను. వాళ్లు నవ్వుతూ సంతకం పెట్టారు.

నింపే ముందు బోరు నీళ్లను ల్యాబ్‌కు పంపాను. రిపోర్టు రావడానికి నాలుగైదు రోజులు పట్టింది, 1,800 అయింది. లీటరుకు మిల్లీగ్రాముల్లో (పీపీఎం అన్నా అదే) హార్డ్‌నెస్, అంటే కాల్షియం, మెగ్నీషియంల వల్ల వచ్చే కఠినత్వం, 620; ఆల్కలినిటీ, అంటే యాసిడ్‌ను తట్టుకునే గుణం, 340; టీడీఎస్, అంటే కరిగిన ఉప్పులన్నీ కలిపి, 980; ఇనుము 0.7. తాగేనీటి ప్రమాణం ఐఎస్ 10500 ప్రకారం హార్డ్‌నెస్ 200 దాకా ఉంటే మంచిది, వేరే దిక్కు లేకపోతే 600 దాకా సర్దుకోవచ్చు. మాది ఆ సర్దుబాటు గీత కూడా దాటింది. పూల్ సంగతికొస్తే హార్డ్‌నెస్ 200 నుంచి 400 మధ్య, ఆల్కలినిటీ 80 నుంచి 120 మధ్య ఉండాలి. రిపోర్టు కాంట్రాక్టర్ సూపర్‌వైజర్‌కు చూపిస్తే “హైదరాబాద్‌ల అందరివీ గివే నీళ్లు సార్, పరేషాన్ గాకుండ్రి” అన్నాడు. ఆ మాట నిజమే. అందుకే పరేషాన్.

సగం బోరు నీళ్లు, సగం ట్యాంకర్ నీళ్లు కలిపితే కాస్త పల్చబడతాయని పదివేల లీటర్ల ప్రైవేటు ట్యాంకర్ పిలిచాం. పైపు తగిలించకముందే ఓ మగ్గులో పట్టి టీడీఎస్ పెన్ను ముంచాను. 1,150. మా బోరు కంటే ఎక్కువ! డ్రైవర్‌ను అడిగితే నన్నో వింత మనిషిని చూసినట్టు చూసి, “ఇది గూడ బోరు నీళ్లే గదా సార్, ఇంకేం నీళ్లు వస్తయి?” అన్నాడు. రానూపోనూ డీజిల్ కింద 500 ఇచ్చి పంపేశాం. జలమండలి నీళ్లయితే మెత్తగా ఉంటాయి గానీ, ఎండాకాలం మొదలవుతుంటే తాగేనీళ్లు తెచ్చి ఈతకు పోసుకోవడం మా నాన్నకు ససేమిరా ఇష్టం లేదు. నల్గొండ జిల్లాలో పుట్టి పెరిగిన మనిషి. నీళ్ల మాటెత్తితే ఆయన ముందు నేను మాట్లాడను.

చివరికి ఇంటికి పెట్టుకున్న సాఫ్ట్‌నర్ గుండా 15 వేల లీటర్లు, మిగతాది నేరుగా బోరు నుంచి పట్టాం. సాఫ్ట్‌నర్ నాలుగువేల లీటర్లకే చేతులెత్తేసేది. మళ్లీ దొడ్డుప్పు పోసి దాని శక్తి తిరిగి తెప్పించడం (రీజెనరేషన్), మళ్లీ నాలుగువేలు. ఈ పని రాత్రుళ్లు చేస్తూ పూల్ నిండేసరికి వారం దగ్గర పడింది. ఇక్కడ చాలామందికి తెలియనిది ఒకటుంది. సాఫ్ట్‌నర్ కాల్షియాన్ని తీసి ఆ చోట సోడియం పెడుతుంది, అంతే. ఆల్కలినిటీని ముట్టదు. నిండాక కొలిస్తే హార్డ్‌నెస్ 420కి దిగింది గానీ ఆల్కలినిటీ 300 పైనే ఉంది.

నిండిన రోజు సాయంత్రం చూడాలి మా పూల్‌ను. అద్దంలా ఉంది. అడుగున టైల్స్ గీతలు లెక్కపెట్టుకోవచ్చు. ఫొటోలు తీసి చుట్టాలందరికీ పంపాం. చీకటి పడ్డాక సూపర్‌వైజర్ వచ్చి క్లోరిన్ గ్రాన్యూల్స్ బకెట్‌లో కలిపి చుట్టూ పోసి, పంపు ఆన్ చేసి వెళ్లాడు.

పొద్దున ఆరింటికి మా ఆవిడ కేకేస్తే పరుగెత్తాను. నీళ్లు డికాక్షన్ రంగులో ఉన్నాయి. మురికి కాదు, పాచి కాదు, వాసన లేదు. ఆకుపచ్చ కలిసిన గోధుమ రంగు. లోతు వైపు అడుగు కనబడడం లేదు. లక్షలు పోసి కట్టించింది ఇదా అని కడుపులో తిప్పేసింది. సూపర్‌వైజర్ ఫోన్‌లో “పైపులల్ల మట్టి ఉండొచ్చు సార్, రెండ్రోజులల్ల క్లియర్ అయితది” అన్నాడు. మట్టి కాదని నాకు అనుమానం. ల్యాబ్ రిపోర్టు మళ్లీ తీశాను. ఇనుము, 0.7.

బోరులో ఉన్నంతసేపు ఇనుము నీళ్లలో కరిగి ఉంటుంది, కంటికి కనబడదు. గాలి తగిలితే నెమ్మదిగా, క్లోరిన్ తగిలితే వెంటనే తుప్పుగా మారి బయటపడుతుంది. లెక్కేసి చూస్తే నేరుగా పట్టిన 29 వేల లీటర్లతో వచ్చిన ఇనుము మొత్తం ఇరవై గ్రాములు. ఆ ఇరవై గ్రాములే పూల్ అంతటికీ రంగేశాయి.

మా నాన్న గట్టు మీద కుర్చీ వేసుకుని చాలాసేపు చూసి, “పటిక తిప్పురా, తేరుకుంటయి” అన్నారు. ఆయన చిన్నప్పుడు వాగు నీళ్లు తెచ్చి కుండలో పోసి, చిల్లగింజ అరగదీసి కలిపేవాళ్లట. తెల్లారేసరికి మడ్డి అడుక్కి దిగేది. ఫ్లోరైడ్ తీయడానికి వాడే నల్గొండ టెక్నిక్‌లో కూడా పటిక ఉంటుంది కాబట్టి ఆయనకు దాని మీద నమ్మకం ఎక్కువ. ఈసారి ఆయన చెప్పిందే సరైన మందు. కిలోన్నర పటిక గోరువెచ్చని నీళ్లలో కరిగించి, సాయంత్రం పూల్ అంతటా చల్లి, గంటన్నర పంపు తిప్పి, ఆపేశాం. రాత్రంతా ఎవరూ దాన్ని కదిలించకూడదు. పిల్లల్ని ఆ వైపు పోనివ్వలేదు.

తెల్లారి అడుగున గోధుమ రంగు మడ్డి పలచగా పరుచుకుని ఉంది. పైన నీళ్లు సగానికి సగం తేరాయి. ఇంతలో కాంట్రాక్టర్ మనిషి వచ్చాడు. వాల్వ్‌ను ‘ఫిల్టర్’ మీదే ఉంచి వాక్యూమ్ మొదలుపెట్టాడు. పటిక మడ్డి మెత్తగా ఉంటుంది, ఇసుకలో ఆగదు. ఇటు పీల్చింది పీల్చినట్టే అటు ఇన్‌లెట్లలోంచి పొగలా తిరిగి పూల్‌లోకి వచ్చేసింది. అతను ఆపేలోపు మళ్లీ డికాక్షనే. ఆ రోజు నాకొచ్చిన కోపం ఇంకెప్పుడూ రాలేదు. మర్నాడు రాత్రి మళ్లీ పటిక, పొద్దున వాల్వ్ ‘వేస్ట్’ మీద (పీల్చిన నీళ్లు ఫిల్టర్‌లోకి పోకుండా బయటికే పోయేలా) పెట్టి నేనే వాక్యూమ్ చేశాను. మడ్డి లేవకుండా బ్రష్‌ను చాలా నెమ్మదిగా జరపాలి. ఒక వరస పూర్తయ్యాక ఆగి, నిలకడయ్యాక ఇంకో వరస. పూర్తయ్యేసరికి నడుం విరిగింది, ఐదు వేల లీటర్ల దాకా బయటికి పోయాయి. ఆ నీళ్లు కొబ్బరిచెట్లకు మళ్లించాం.

మిగిలిన సన్నటి తుప్పును పట్టడానికి నాన్న పాత పంచె చింపి రెండు పొరలుగా మడిచి ఇన్‌లెట్ల మూతికి కట్టాం. ఇది నాకు అన్నింటికంటే ముచ్చటేసిన సంగతి. పొద్దున తెల్లగా కట్టిన గుడ్డ సాయంత్రానికి ఇటుక రంగులోకి వచ్చేది. ఉతికి మళ్లీ కట్టేవాళ్లం. రోజురోజుకూ రంగు తగ్గుతూ, దాదాపు వారానికి గుడ్డ తెల్లగానే ఉండిపోయింది. పనివాళ్లు నవ్వారు గానీ, ఇనుము పోయిందని నాకు ధైర్యం చెప్పింది ఆ గుడ్డే.

మార్చి మధ్యకు వచ్చేసరికి రంగు పోయింది, తెలుపు వచ్చింది. నీళ్లలో చారెడు పాలు ఒలకబోసినట్టు మసక. పగలు ఎండలో పెద్దగా తెలియదు. రాత్రి ఫోన్ టార్చ్ నీళ్లలోకి కొడితే ఆ వెలుతురు దారిలో లక్షల నలుసులు తిరుగుతూ కనబడేవి. అప్పటినుంచి రోజూ రాత్రి టార్చ్ కొట్టి చూడడం నాకు అలవాటైపోయింది. కాంట్రాక్టర్ మనిషి “క్లారిఫయర్ పోద్దాం సార్” అని నలుసుల్ని ముద్దకట్టించే మందు ఒక సీసా, “ఇంకింత పటిక” అని ఇంకోసారి, “ఇసుక మార్చాలె” అని మరోసారి అన్నాడు. కొత్త ఇసుకను నెలకే మార్చడమేంటి?

వాళ్లిచ్చిన టెస్ట్ కిట్‌లో రెండే సీసాలు. ఒకటి క్లోరిన్‌కు, పసుపు రంగు వస్తుంది. ఇంకోటి పీహెచ్‌కు (నీళ్లు ఆమ్లమా క్షారమా చెప్పే కొలత), ఎరుపు వస్తుంది. ఆ పసుపు రంగు కిట్ మొత్తం క్లోరిన్ చూపిస్తుంది గానీ, అందులో నిజంగా పనిచేసే ఫ్రీ క్లోరిన్ ఎంతో విడిగా చెప్పదు. 3,800 పెట్టి చుక్కలు వేసి కొలిచే కిట్ తెప్పించాను. ఫ్రీ క్లోరిన్, పీహెచ్, ఆల్కలినిటీ, కాల్షియం, స్టెబిలైజర్ అన్నీ అందులో ఉన్నాయి. పూల్ ఉన్నవాళ్లు ఏది కొన్నా కొనకపోయినా ఇది కొనండి. మొదటి కొలతలోనే విషయం తేలిపోయింది. పీహెచ్ 8.2 దాటింది. 7.2 నుంచి 7.8 మధ్య ఉండాల్సింది.

కొత్త సిమెంట్ గ్రౌట్ నుంచి సున్నం వారాలపాటు ఊరుతూనే ఉంటుందట. అది పీహెచ్‌ను పైకి తోస్తుంది. ఎపాక్సీ గ్రౌట్ అయితే ఈ గొడవ ఉండదు, ఖర్చు మాత్రం బాగా ఎక్కువ. హార్డ్‌నెస్, ఆల్కలినిటీ ఇప్పటికే ఎక్కువున్న నీళ్లలో పీహెచ్ కూడా పెరిగితే కాల్షియం కార్బొనేట్ విడిపోయి తెల్లటి పొడిగా తేలుతుంది. మన గీజర్ కాయిల్‌కు పట్టే తెల్ల పొలుసు కూడా అదే. పీహెచ్, కాల్షియం, ఆల్కలినిటీ, నీళ్ల వేడి అన్నీ కలిపి లెక్కేసి, నీళ్లు సున్నం వదులుతాయో లేదో చెప్పే లాంజిలియర్ ఇండెక్స్ అని ఒకటుంది. సున్నాకు అటూ ఇటూ 0.3 లోపు ఉంటే మంచిది. మాది ఒకటిన్నర వచ్చింది.

నమ్మకం కుదరడానికి ఒక పని చేశాను. పూల్‌లోంచి రెండు గాజు గ్లాసుల నీళ్లు తెచ్చి వంటింటి కిటికీ దగ్గర ఎండలో పెట్టాను. ఒకదాన్ని అలాగే వదిలి, ఇంకోదాంట్లో రెండు చెంచాల తెల్ల వెనిగర్ పోసి కలిపాను. కాసేపటికి వెనిగర్ గ్లాసు తేటబడింది, వెనిగర్ పోయనిది మసకగానే ఉంది. మట్టో పాచో అయితే వెనిగర్‌కు కరగదు. మా ఆవిడ రెండు గ్లాసులూ చేతిలోకి తీసుకుని కిటికీకి ఎదురుగా పట్టి చూసి, “అయితే ఇది నీళ్లలోని సున్నమే కదా, ఫిల్టర్ ఏం చేస్తుంది పాపం” అంది. క్లారిఫయర్ సీసాను మర్నాడే తిరిగిచ్చేశాను.

ఇక యాసిడ్ రోజులు మొదలయ్యాయి. ఇవే అసలు ఓపిక పరీక్ష. దగ్గర్లోని హార్డ్‌వేర్ షాపులో బాత్రూం యాసిడ్ చూపించారు, పసుపు పచ్చగా ఉంది. ఆ పసుపు రంగు అందులో కలిసిన ఇనుము వల్లే వస్తుంది. అంటే ఎంతో కష్టపడి తీసిన ఇనుమును నేనే డబ్బిచ్చి మళ్లీ పోసుకోవడం! రంగు లేని హైడ్రోక్లోరిక్ యాసిడ్ కోసం నగరంలోకి వెళ్లి కెమికల్ షాపులో తెచ్చాను. ఐదు లీటర్ల క్యాన్ 300 పడింది.

పద్ధతి ఇది. సాయంత్రం యాసిడ్ పోసి పీహెచ్‌ను 7.2కు దించాలి. ఆల్కలినిటీ కూడా కొంచెం దిగుతుంది. తర్వాత నీళ్లకు గాలి బాగా తగిలేలా చేస్తే కరిగి ఉన్న కార్బన్ డయాక్సైడ్ ఎగిరిపోయి పీహెచ్ దానంతటదే పైకొస్తుంది, ఆల్కలినిటీ మాత్రం దిగినచోటే ఉంటుంది. పీహెచ్ 8 దగ్గరికి రాగానే మళ్లీ యాసిడ్. ఈ గాలి తగిలించే పని మా ఆవిడ వాటర్‌ఫాల్ చేసింది. రాత్రీ పగలూ నడిపాం. ఇన్‌లెట్ మూతులు కూడా పైకి తిప్పి నీళ్లు చిమ్మేలా పెట్టాం. మొదట్లో ఒక్కో విడతకు రెండున్నర లీటర్ల దాకా పట్టేది, పోనుపోను తగ్గింది. మా 44 వేల లీటర్లలో ఆల్కలినిటీని పది దించడానికి దాదాపు 900 మిల్లీలీటర్లు కావాలి. 310 నుంచి 80కి రావడానికి మొత్తం ఇరవై లీటర్లు తాగింది.

యాసిడ్ పోసేటప్పుడు గాగుల్స్, రబ్బరు గ్లౌజులు తప్పనిసరి. ముందు బకెట్‌లో నీళ్లు, తర్వాత అందులో యాసిడ్. ఎప్పుడూ ఇదే వరస, తిరగబడకూడదు. గాలి వాటం చూసుకుని, గాలికి వీపు పెట్టి పోయాలి. క్లోరిన్ డబ్బా, యాసిడ్ క్యాన్ ఒకే గదిలో పెట్టకూడదు, ఒకే మగ్గు వాడకూడదు. రెండూ కలిస్తే విషవాయువు వస్తుంది. మా పంపు గదిలో కాంట్రాక్టర్ మనుషులు రెండింటినీ పక్కపక్కనే పెట్టి వెళ్లారు. అది చూసిన రోజే గదికి తాళం వేసి, తాళంచెవి నా దగ్గర పెట్టుకున్నాను.

ఇదంతా జరుగుతుండగా ఉగాది వచ్చింది. మా ప్రహరీ పక్కన పెద్ద వేపచెట్టు ఉంది. పచ్చడిలోకి పువ్వు ఏరుకోవడానికి బాగుంటుందని మురిసిపోయేవాళ్లం. ఆ వేపపూత అంతా పూల్‌లోనే రాలింది. పైన తేలే చెత్తను పట్టే స్కిమ్మర్ బుట్ట పూటపూటకూ నిండిపోయేది. ఖాళీ చేయకపోతే పంపు గాలి పీల్చి అరిచేది. పూత అయిపోయాక ఎండుటాకులు, ఆ తర్వాత కాయలు. చెట్టు కొట్టించమని సలహా ఇచ్చినవాళ్లకు నాన్న సమాధానం చెప్పారు, దాన్ని ఇక్కడ రాయలేను.

ఏప్రిల్ రెండో వారానికి నీళ్లు తేరాయి. గట్టు మీద నుంచి రూపాయి బిళ్ల వేస్తే అడుగున బొమ్మో బొరుసో తెలుస్తోంది. డ్రెయిన్ స్క్రూలు కనబడ్డాయి. బావమరిది పిల్లలతో వచ్చి, “దూకేద్దామా బావా?” అన్నాడు. నేను వద్దన్నాను. నీళ్లు కంటికి తేటగానే ఉన్నాయి గానీ క్లోరిన్ నిలబడడం లేదు. రాత్రి 3 పీపీఎం ఉన్నది మధ్యాహ్నానికి సున్నా. క్లోరిన్ లేని తేటనీళ్లు ఎంత మెరిసినా అవి చెరువు నీళ్లతో సమానమే. వాడు ముఖం మాడ్చుకున్నాడు, పిల్లలు ఏడ్చారు. ఆ పూట ఇంట్లో నాతో ఎవరూ సరిగా మాట్లాడలేదు.

ఏప్రిల్ ఎండలో కాపుదల లేని క్లోరిన్ రెండు మూడు గంటలు కూడా ఆగదు. దానికి గొడుగు పట్టేది సయనూరిక్ యాసిడ్, షాపుల్లో స్టెబిలైజర్ అంటారు. 30 పీపీఎం రావడానికి మాకు కిలో 300 గ్రాములు పట్టింది. నేరుగా పోస్తే కరగకుండా అడుగున కూర్చుంటుంది. పాత సాక్సులో పోసి మూతి కట్టి ఇన్‌లెట్ ముందు వేలాడదీశాను. కరగడానికి రెండు మూడు రోజులు, కొలతలో పూర్తిగా కనబడడానికి వారం. ఆ తర్వాత సాయంత్రానికి కూడా క్లోరిన్ 1.5 దాకా మిగలడం మొదలైంది.

ఇక్కడే కాంట్రాక్టర్‌తో ఇంకో వాదన. నెలవారీ మెయింటెనెన్స్‌కు తొమ్మిది వేలు అడిగి, టాబ్లెట్లు వేసి పోతామన్నారు. ఆ టాబ్లెట్లలో క్లోరిన్‌తో పాటు స్టెబిలైజర్ కూడా ఉంటుంది. పది పీపీఎం క్లోరిన్ ఇస్తే ఆరు పీపీఎం స్టెబిలైజర్ కూడా చేరుతుంది. క్లోరిన్ ఖర్చయిపోతుంది, స్టెబిలైజర్ అలాగే పేరుకుంటుంది. ఒక ఎండాకాలం గడిచేసరికి వంద దాటిపోయి, క్లోరిన్ ఉన్నా పనిచేయని స్థితి వస్తుంది. నీళ్లు వదిలేసి కొత్తవి నింపడం తప్ప దానికి మార్గం లేదు. అంటే మళ్లీ బోరు నీళ్లు, మళ్లీ ఇనుము, మళ్లీ యాసిడ్! వద్దని చెప్పి లిక్విడ్ క్లోరిన్‌కు మారాను. రోజూ చీకటి పడ్డాక లీటరు పోస్తే చాలు. క్యాన్‌ను మాత్రం నీడలో పెట్టాలి, నెలకు మించి నిల్వ చేయకూడదు. మన ఎండలకు దాని సత్తువ తగ్గిపోతుంది.

పిల్లలకు సెలవులు ఇచ్చే సమయానికి అంతా కుదిరిందనుకుంటుండగా ఒక సాయంత్రం ఈదురుగాలి, వడగళ్ల వాన. ఎక్కడో స్తంభం పడి కరెంటు పోయింది, మర్నాడు మధ్యాహ్నానికి గానీ రాలేదు. దుమ్ము, ఆకులు, వాన నీళ్లు అన్నీ పూల్‌లో. పంపు లేదు. కరెంటు వచ్చేసరికి నీళ్లు ముదురు పచ్చగా, గోడ మీద చేత్తో రాస్తే జిగురుగా ఉన్నాయి. ఇది ఇనుము కాదు, పాచే. ఇనుమైతే రంగు ఉన్నా గోడ జారదు. క్లోరిన్‌ను 12కి పెంచి, గోడలు, మెట్లు, మూలలు పొద్దునా సాయంత్రం బ్రష్‌తో రుద్ది, పంపు ఆపకుండా తిప్పాం. ఫిల్టర్ ప్రెషర్ గేజ్ మామూలుగా 12 చూపిస్తుంది, 20కి రాగానే బ్యాక్‌వాష్, అంటే నీళ్లు వెనక్కి తిప్పి ఇసుక కడగడం. నాలుగో రోజుకు పచ్చదనం పోయి బూడిద రంగు మసక మిగిలింది. ఆ తర్వాత అదీ పోయింది. ఇంకో సంగతి. క్లోరిన్ అంత ఎక్కువున్నప్పుడు పీహెచ్ కొలిస్తే చుక్కలు ఊదా రంగుకు తిరిగి భయపెడతాయి. ఆ రంగు అబద్ధం. క్లోరిన్ దిగేదాకా పీహెచ్ జోలికి పోకుండా ఉండడమే మంచిది.

మే మొదటి వారంలో ఒక ఆదివారం పొద్దున ఫ్రీ క్లోరిన్ 2.5, పీహెచ్ 7.5, ఆల్కలినిటీ 80, కాల్షియం 400. బావమరిదికి ఫోన్ చేశాను. గంటలో వచ్చేశారు. పిల్లలు మధ్యాహ్నం దాకా బయటికి రాలేదు. ఒక్కరి కళ్లు కూడా ఎర్రబడలేదు. అంతకుముందు ఒక క్లబ్ పూల్‌కు వెళ్లినప్పుడల్లా కళ్లు మండి వచ్చేవాళ్లు, క్లోరిన్ ఎక్కువేశారని తిట్టుకునేవాళ్లం. ఆ ఘాటు వాసన, ఆ మంట చాలావరకు చెమటతో, మూత్రంతో కలిసి చెడిపోయిన క్లోరిన్ వల్ల వస్తాయి. అందుకే దిగే ముందు షవర్ చేయాలని మా ఇంట్లో రూలు పెట్టాం. మా బావమరిదికి కూడా.

ఖర్చు అడిగేవాళ్ల కోసం: ల్యాబ్ 1,800, టెస్ట్ కిట్ 3,800, టీడీఎస్ పెన్ను 500, తిప్పిపంపిన ట్యాంకర్‌కు 500, యాసిడ్ దాదాపు 1,500, స్టెబిలైజర్ వెయ్యి, లిక్విడ్ క్లోరిన్ 1,400, ఉప్పు, పటిక కలిపి ఆరు వందలు. మొత్తం పదకొండు వేల పైచిలుకు. కరెంటు వేరు. ఒక హెచ్‌పీ పంపు రోజుకు ఎనిమిది గంటలు నడిస్తే నెలకు 240 యూనిట్ల దాకా అవుతుంది, బిల్లు పై స్లాబులోకి జారుతుంది కాబట్టి రెండు వేల పైన పడుతోంది. యాసిడ్ పోసిన రోజుల్లో పంపు రాత్రీ పగలూ నడిచింది, ఆ నెల బిల్లు మా ఆవిడకు చూపించలేదు.

ఎండాకాలంలో ఆవిరి రూపంలో రోజుకు 250 లీటర్ల పైనే పోతాయి. నీళ్లు పోతాయి గానీ ఉప్పులు పోవు. పైగా మళ్లీ కలిపే నీళ్లతో ఇంకా వస్తాయి. అందుకని కలిపేవి సాఫ్ట్‌నర్ నీళ్లే, వాటితో వచ్చే ఆల్కలినిటీకి వారానికి లీటరున్నర యాసిడ్. అయినా నీటి గీత దగ్గర టైల్స్ మీద తెల్లటి చార పడుతుంది, పదిహేను రోజులకోసారి వెనిగర్‌తో రుద్దుతున్నాను. లోతు తక్కువ వైపు మెట్టు మీద మార్చిలో పడ్డ ఇనుప మరక ఇప్పటికీ ఉంది. కాంట్రాక్టర్‌కు చివరి పది శాతంలో సగం ఇచ్చాను, మిగతా సగం ఆ మరక పోయాకే అన్నాను. వారానికోసారి ఫోన్ చేస్తున్నాడు.

జూన్‌లో వానలు పడ్డాక పని తేలికైంది. వాన నీళ్లలో హార్డ్‌నెస్ ఉండదు, నిండినవి ఓవర్‌ఫ్లో నుంచి పోతుంటే కాల్షియం మెల్లగా 370కి దిగింది. ఆల్కలినిటీ కూడా 60కి పడిపోయి, పీహెచ్ నిలకడ తప్పి ఊగడం మొదలైంది. దాన్ని పెంచడానికి తినే సోడా కావాలి. కిరాణా షాపు నుంచి ప్యాకెట్లు మోసుకొస్తుంటే మా ఆవిడ గుమ్మంలో నిలబడి, “మొన్నటిదాకా తగ్గించడానికి యాసిడ్, ఇప్పుడు పెంచడానికి సోడానా? మీరు నీళ్లను బాగుచేస్తున్నారా, పిండి కలుపుతున్నారా?” అంది. కిలోన్నర పోశాను. మర్నాటికి 80కి వచ్చింది.